గమ్లీ యాడి గొంగడి

ఏడాదిగా ఇలియాస్‌కు నిద్ర పట్టనివ్వని విషయం ఒకటే. గమ్లీ యాడి తడిసిన వీపు.

కిందటి వేసవిలో అతను తన గురువు బుర్హాన్ షాతో కలిసి ఉప్పు బిడారు వెంట మొదటిసారి నడిచాడు. సముద్రం ఒడ్డున ఉన్న ఉప్పుమడుల నుంచి కొండల అవతలి సంత దాకా నాలుగు రోజుల దారి. నలభై లంబాడా కుటుంబాలు, వాళ్ళ ఎడ్లు, ఒక్కో ఎద్దు మీద రెండేసి గోనెల ఉప్పు. ఏటా అదే దారిలో గురువు తన గురువుగారి దర్గాకు వెళ్తాడు.

మజిలీ దిగగానే బిడారు వాళ్ళు డేరాలేవీ వెయ్యరు. నేల మీద నాలుగు రాళ్ళు పరిచి, గాలికి అడ్డంగా గోనెలు పేర్చి, పైన గొంగడి కప్పుతారు. ఆ గొంగడి చాటున తామూ ఒదుగుతారు. ఎద్దు నీళ్ళు తాగి వచ్చేలోగా ఇల్లు సిద్ధం.

కానీ ఆ పేర్చడంలో ఒక వరస ఉంది. పెద్ద బండ చాటున నాయకుడు హేమ్లా నాయక్ గోనెలు. ఆ పక్కన ఇరవై ఎడ్ల వాళ్ళవి, ఆపైన పది ఎడ్ల వాళ్ళవి. ఒకే ఒక్క ఎద్దున్న ముసలి గమ్లీది అన్నిటికన్నా చివర, గాలి నేరుగా వచ్చి కొట్టేచోట. ఆమెను అందరూ యాడి అనేవారు, అమ్మ అని. అమ్మ అంటూనే అంచుకు నెట్టారు. ఆ వేసవిలో వాన పడినప్పుడు ఆమె చిరుగుల గొంగడిని ఉప్పు మీద కప్పి, తాను బయట కూర్చుని తడిసింది.

"ఇది అన్యాయం హజ్రత్," అన్నాడు ఇలియాస్, ఫకీర్లు ఉండే తమ తకియాకు తిరిగి రాగానే. "వాన అందరి మీదా ఒకేలా పడుతుంది. కప్పు మాత్రం బలమున్నవాడి తల మీదే ఉంటుంది. ఎవడి గొంగడి వాడిదే అన్నంతకాలం తడిసేవాడు తడుస్తూనే ఉంటాడు!"

"నిజమే బేటా," అన్నాడు గురువు. "ఏం చేద్దామంటావు?"

"అందరికీ ఒకే గుడారం. పెద్దా చిన్నా లేకుండా."

"చెయ్యి."

ఇలియాస్ ఊరూరా తిరిగి పాత బట్టలు అడిగి తెచ్చాడు. నాలుగు నెలలు కుట్టాడు. వేళ్ళు పుళ్ళు పడ్డాయి. పన్నెండు గుంజలు చెక్కించాడు. గుడారం మీద ఎర్రటి జాజుతో మనిషంత అక్షరాలు రాశాడు: 'ఒకే కప్పు, ఒకే ప్రాణం.' తకియా పెరట్లో ఎనిమిదిమంది ఫకీర్లు పట్టుకుని లేపితే, తెల్లవారి మొదలుపెట్టింది పొద్దెక్కేసరికి నిలబడింది. లోపల నిలబడి ఇలియాస్ ఏడ్చాడు.

గురువు చుట్టూ ఒకసారి తిరిగి చూశాడు.

"ఎద్దు నీళ్ళు తాగి వచ్చేలోగా లేస్తుందా?"

"న్యాయానికి కొంత సమయం పడుతుంది హజ్రత్."

గురువు తలూపి లోపలికి నడిచాడు.

వేసవి వచ్చింది. బిడారు బయల్దేరే ముందురోజు ఇలియాస్ ఉప్పుమడుల గట్టెక్కి మాట్లాడాడు. గుడారానికీ గుంజలకూ రెండు ఎడ్లు కావాలి. అందుకని మిగతా ఎడ్ల మీద బరువు తగ్గాలి. గొంగళ్ళు ఇళ్ళ దగ్గరే వదిలేసి రండి అన్నాడు.

"గొంగడి అంటే గోడ! మనిషికీ మనిషికీ మధ్య గోడ! ఆ గోడను ఇక్కడే వదిలేద్దామా, మోసుకుపోదామా?"

"వదిలేద్దాం!" అని జనం కేకలు వేశారు. హేమ్లా నాయక్ అందరికన్నా గట్టిగా అరిచాడు.

గమ్లీ యాడి అరవలేదు. జనం చెదిరాక దగ్గరికి వచ్చి అడిగింది.

"నా ఉప్పు కూడా ఆ గుడారంలోనే పెట్టొచ్చా కొడుకా?"

"నీదే ముందు యాడీ. నడిమధ్యన."

ఆమె అతని చెంపలు నిమిరి మెటికలు విరిచింది. ఆ రెండు గోనెలకు సంతలో వచ్చే జొన్నలే ఆమెకూ ఆమె మనవరాలికీ వానాకాలమంతా తిండి.

రెండోరోజు మధ్యాహ్నం కొండ కింద వాగు దగ్గర మజిలీ దిగారు. గాలి ఆడటం లేదు. పడమట ఆకాశం ఇనుపరంగులో ఉంది.

"ఎనిమిదిమంది రండి!" అన్నాడు ఇలియాస్.

నలుగురు వచ్చారు. మిగతావాళ్ళు బరువులు దించుతున్నారు, ఎడ్లను నీళ్ళకు తోలుతున్నారు. అది ఆగే పని కాదు. మూడు గుంజలు నిలబడ్డాయి. నాలుగోది నిలబెడుతుంటే మొదటిది ఒరిగింది.

"ఏమయ్యా పంతులూ, ఎక్కడ వేసిన గొంగడి అక్కడే ఉందే!" అన్నాడు హేమ్లా నాయక్. అందరూ నవ్వారు. ఇలియాస్ కూడా నవ్వాడు. ఇంకాసేపట్లో వీళ్ళంతా దీని కిందే కూర్చుంటారు కదా అనుకున్నాడు.

ఆరో గుంజ లేస్తుండగా గాలి వచ్చింది.

గుడారం పక్షిలా పైకి లేచింది. తాళ్ళు అరచేతులు కోసుకుంటూ జారిపోయాయి. గుంజలు ఒకదాని మీద ఒకటి పడ్డాయి. నాలుగు నెలల కుట్టు వాగు ఒడ్డున బురదలో బోర్లా పడింది. అంతలోనే వడగళ్ళు, వాటి వెనకే వాన.

"అయ్యో!" అంటూ ఇలియాస్ వెనక్కి తిరిగాడు. తన మాట మీద నలభై కుటుంబాలు కప్పు లేకుండా వచ్చాయి. ఆ ముఖాలు ఎలా చూడాలి?

చూశాడు.

గోనెల అడుగు నుంచి, ఎడ్ల జీనుల కింద నుంచి, పిల్లల మూటల్లోంచి గొంగళ్ళు బయటికి వస్తున్నాయి. నల్లవి, బూడిదరంగువి, ఒకటి తర్వాత ఒకటి. నాలుగు రాళ్ళు, నాలుగు గోనెలు, పైన గొంగడి. ఎప్పటి వరసలోనే, ఎప్పటిలాగే. బండ చాటున హేమ్లా నాయక్ భార్య అప్పుడే రొట్టె విరిచి పిల్లలకు పెడుతోంది.

"వదిలేసి వచ్చామన్నారు కదా!" అన్నాడు ఇలియాస్.

"అన్నాం తమ్మీ," అన్నాడు నాయక్, గొంగడి అంచు రాయి కింద నొక్కుతూ. "అంత బాగా మాట్లాడితివి. కాదనడానికి నోరు రాలేదు. రా, లోపలికి రా, తల పగులుతుంది."

ఇలియాస్ వరస చివరికి చూశాడు.

గమ్లీ యాడి తన రెండు గోనెల మీద చేతులు చాచి బోర్లా పడుకుని ఉంది. వడగళ్ళు ఆమె వీపు మీద పడి ఎగురుతున్నాయి.

పరిగెత్తాడు.

"గొంగడి తియ్యి యాడీ! ఎక్కడ దాచావు?"

ఆమె తలెత్తింది. ఆ కళ్ళలో కోపం లేదు. అది ఉన్నా బాగుండేది.

"లేదు కొడుకా. వదిలెయ్యమన్నావు కదా."

నలభై కుటుంబాల్లో అతని మాట నమ్మింది ఆమె ఒక్కతే.

గోనెల కింద నుంచి తెల్లటి నీళ్ళు సన్నగా పారుతున్నాయి. ఇలియాస్ చేతులు అడ్డం పెట్టాడు. అవి చేతుల మధ్య నుంచి పారాయి.

ఎవరో వచ్చి పక్కన నిలబడ్డారు. గురువు. చంకలో మడతపెట్టిన నల్ల గొంగడి. దాన్ని విప్పి గమ్లీ మీద, ఆమె కింద ఉన్న ఒక గోనె మీద కప్పాడు. రెండో గోనెకు అది చాల్లేదు.

ఇలియాస్ ఆ గొంగడినే చూస్తూ ఉండిపోయాడు.

"మీరు కూడానా హజ్రత్? మీరు కూడా నన్ను నమ్మలేదా?"

"నిన్నూ నమ్మాను బేటా. మబ్బునూ నమ్మాను."

"మరి చెప్పలేదేం?"

"అడిగాను కదా. ఎద్దు నీళ్ళు తాగి వచ్చేలోగా లేస్తుందా అని."

గురువు మొలలోంచి తాళ్ళు కోసే కత్తి తీసి అతని చేతిలో పెట్టాడు. బురదలో పడున్న గుడారం వైపు చూశాడు. తర్వాత రెండో గోనె వైపు.

"నాలుగు నెలలు కుట్టాను హజ్రత్," అన్నాడు ఇలియాస్. పసివాడు అన్నట్టు అన్నాడు.

"ఉప్పు ఆగదు."

ఇలియాస్ పరిగెత్తాడు. మొదటి కోత పడటం కష్టమైంది. బట్ట తడిసి బరువెక్కింది, కళ్ళలో నీళ్ళు. జాజు అక్షరాల మధ్య నుంచి కత్తి దింపాడు. 'ఒకే' ఒక ముక్కలో, 'ప్రాణం' ఇంకో ముక్కలో పోయాయి. చిరిగిన చప్పుడు వాన చప్పుడులో కలిసిపోయింది. చేతికొచ్చిన ముక్కను నాలుగు మడతలు పెట్టి రెండో గోనె మీద కప్పాడు. పాత నూలుబట్ట. గొంగడిలా నీళ్ళు జారనివ్వదు, పీల్చుకుంటుంది. ఒక నిమిషం చూశాడు. తర్వాత దాని మీద తానే బోర్లా పడుకున్నాడు.

వీపు మీద వడగళ్ళు పడ్డాయి. ఒక్కొక్కటీ తెలిసింది.

వాన ఎంత హఠాత్తుగా వచ్చిందో అంత హఠాత్తుగా ఆగింది. ఇలియాస్ లేచి చూస్తే కింద గోనె సగానికి కుంగిపోయి ఉంది.

వాగు నుంచి గమ్లీ ఎద్దు నడిచి వచ్చింది. తల వంచి, గోనె పక్కన తడి నేలను నాకడం మొదలుపెట్టింది. బిడారు మొత్తం చూసింది. ఎవరూ దాన్ని అదిలించలేదు. హేమ్లా నాయక్ చేతిలో రొట్టె చేతిలోనే ఉంది.

గమ్లీ యాడే ముందు నోరు విప్పింది.

"నాకనియ్యండి. ఇంత దూరం మోసింది. దాని కూలి అది తీసుకుంటోంది."

పన్నెండు గుంజలూ ఆ సాయంత్రం పొయ్యిల్లోకి పోయాయి. తడిసినవి కాబట్టి పొగ ఎక్కువ వచ్చింది. గమ్లీ జొన్న అంబలి కాచి, కుంగిన గోనెలోంచి చిటికెడు తీసి వేసి, ముంత ఇలియాస్ చేతికి ఇచ్చింది.

"ఉప్పు చాలిందా కొడుకా?"

అతను ముంత ఎత్తి తాగాడు.

మర్నాడు దారిలో ఎవరూ అతనితో వేళాకోళం ఆడలేదు. మధ్యాహ్నం కొండ దిగి, ఒక చెలమ పక్కన మజిలీ ఆగింది. అక్కడా ఒక పెద్ద బండ ఉంది. ఎడ్లు నీళ్ళకు వెళ్ళాయి.

ఇలియాస్ గమ్లీ గోనెల దగ్గరికి వెళ్ళాడు. నిండుగా ఉన్నదాన్ని భుజానికెత్తుకుని, సగందాన్ని చంకన పెట్టుకుని, వరస వెంట మొదటిదాకా నడిచాడు. బండ చాటున నాలుగు రాళ్ళు పరిచాడు. గోనెలు పేర్చాడు. గురువు గొంగడి పైన కప్పి, అంచుల మీద రాళ్ళు పెట్టాడు.

తలెత్తితే ఎదురుగా హేమ్లా నాయక్, భుజాన గోనెతో.

"అది నా చోటు," అన్నాడు నాయక్.

ఇలియాస్ వంగి ఇంకో రాయి సరిచేశాడు. వంగినప్పుడు చిరిగిన అంగీలోంచి వీపు కనిపించింది. వడగళ్ళు పడినచోటల్లా కమిలి నల్లబడి ఉంది.

నాయక్ ఆ వీపు వైపు చూశాడు. తర్వాత గోనెను రెండు బారలు పక్కకు దించుకున్నాడు. అతని వెనక వస్తున్నవాళ్ళు ఇంకో రెండు బారలు జరిగారు.

గురువు నమాజుకు ముందు కాళ్ళూ చేతులూ కడుక్కునే వజూకు చెలమ ఒడ్డున కూర్చుని ఉన్నాడు. పక్కనే గమ్లీ ఎద్దు మూతి నీళ్ళలో పెట్టి నిలబడి ఉంది.

"ఇది ఇంకా తాగుతూనే ఉంది బేటా," అన్నాడు.