తెర మీద మంట

భానోజీ మాస్టారిని సూటిగా ఒక ప్రశ్న అడిగి సూటిగా జవాబు రాబట్టినవాడు మా సాలూరులో ఇంతవరకు లేడు. అడగ్గానే ముందు ఎదురుగా ఉన్న మానిటర్ ఆపేస్తారు. తరవాత కుర్చీ మన వైపు తిప్పుకుంటారు. ఆపైన ఎవరిదో ఒకరి సంగతి మొదలవుతుంది. ఆయన దగ్గర కంప్యూటర్ నేర్చుకున్న మాకందరికీ ఈ అలవాటు తెలుసు గనక, తొందర పని ఉన్నప్పుడు ఆయన్ని ఏమీ అడగం.

ఆ రోజు అడిగింది హైమావతి. మా అందరిలోకీ చురుకైన పిల్ల. ఆ మాట ఒప్పుకోవడం నాకు కష్టమే అనుకోండి. తన కంప్యూటర్‌లో త్రీడీ హంగులన్నీ ఎక్కించింది. డెస్క్‌టాప్ నాలుగు పక్కల పెట్టెలా గిర్రున తిరుగుతోంది, విండో పట్టి లాగితే తాటిముంజెలా ఊగుతోంది. నేను ఊరుకోలేక, "పైన పటారం, లోన లొటారం. దీనివల్ల ఒక్క అక్షరమైనా తొందరగా టైపవుతుందా?" అన్నాను. ఆ పిల్లకి ఉక్రోషం వచ్చి, తగువు తిన్నగా మాస్టారి దగ్గరికి తీసుకుపోయింది.

"మాస్టారూ, ఇవి పనికొచ్చేవా, ఉత్త ఆర్భాటమేనా? మీరే చెప్పండి."

మాస్టారు మానిటర్ ఆపారు. ఆయన చెప్పిన సంగతి ఇది.

బస్టాండు వెనక ఫ్లెక్సీ షాపు పెట్టుకున్న ఢిల్లేశు కూడా ఆయన శిష్యుడే, మాకంటే చాలా ముందువాడు. చేతిలో పని ఉంది గాని మనిషికి కాస్త డాబు ఎక్కువ. ఫ్లెక్సీ కోసం వచ్చినవాళ్ళని పక్కన కూర్చోబెట్టుకుని, డిజైన్ తెర మీదే చూపించి ఒప్పించడం ఆ షాపుల్లో పద్ధతి. అలా కూర్చున్నవాళ్ళు ముక్కున వేలేసుకోవాలని ఢిల్లేశు తన కంప్యూటర్‌కి ఉన్న హంగులన్నీ తగిలించాడు. అందులో ఒకటి మంట. విండో మూస్తే అది ఊరికే మాయం కాదు. పై అంచున నిప్పంటుకుని కిందిదాకా కాలిపోతుంది. పెళ్ళి ఫ్లెక్సీలకి వచ్చినవాళ్ళు మళ్ళీ మళ్ళీ చేయించుకుని చూసేవారు. చావు పని వస్తే మాత్రం ఢిల్లేశు ముందుగా ఆ మంట ఆపేసేవాడు. ఆ మాత్రం ఇంగితం ఉన్నవాడే.

ఒక ఎండాకాలం మాస్టారు ఆ షాపులో కూర్చుని ఉండగా ఇద్దరు అన్నదమ్ములు వచ్చారు. పెద్దవాడు గౌరునాయుడు, లారీ డ్రైవరు. అతను నాగపూరు అవతల లోడుతో ఉండగా ఇక్కడ భార్య పైడమ్మకి గుండె ఆగిపోయింది. పిల్లల్లేరు. ఆ ఎండలకి శవాన్ని ఉంచడం కుదరదన్నారు పెద్దలు. తమ్ముడు రామునాయుడే తలకొరివి పెట్టాడు. గౌరునాయుడు ఇల్లు చేరేసరికి గడప కడిగేసి ఉంది, బూడిద కూడా ఏట్లో కలిపేశారు. అతను ఏడవలేదు. రాయిలాంటి మనిషన్నారు వీధిలో ఆడవాళ్ళు. అన్నానికి కూర్చుంటే, పైడమ్మ కూడా తినలేదు, దానికీ కంచం పెట్టండి అనేవాడట. వాళ్ళు షాపుకొచ్చిన మర్నాడే పెద్దకార్యం, దానికి ఫ్లెక్సీ కావాలి. తాను కర్మకి కూర్చోనంటున్నాడు. అన్నకి మతి పోతుందేమోనని తమ్ముడి భయం. పైడమ్మ మంచి ఫోటో అన్న ఫోనులోనే ఉండడంతో బతిమాలి వెంటబెట్టుకొచ్చాడు.

ఆయుధపూజ నాటి ఫోటో అది. పసుపు రాసి దండ వేసిన లారీ పక్కన పైడమ్మ నవ్వు ఆపుకుంటూ నిలబడింది. ఢిల్లేశు దాన్ని తెర నిండా పెద్దది చేసి, లారీ లేకుండా ఆమె బొమ్మ ఒక్కటే కాపీ చేసుకుని, ఫ్లెక్సీ డిజైన్‌లో తామరపువ్వు పైన కూర్చాడు. పేరు ముందు 'కీర్తిశేషురాలు' అని టైపు చేశాడు.

"ఆ మాట తీసీ," అన్నాడు గౌరునాయుడు.

"అందరికీ వేస్తామండీ."

"అందరికీ ఎయ్యి. దీనికొద్దు. సచ్చిపోనాదని ఆళ్లంటన్నారు. నాను సూసినానా?"

తమ్ముడికి దుఃఖం పొంగుకొచ్చింది. "నా సేత్తోనే గదన్నా అంటించినాను. నా మాట కూడా నమ్మవా?"

"నివ్వు అంటించినావు. నాను సూడ్నేదు."

వాళ్ళ మధ్య ఇరుక్కుని ఢిల్లేశుకి ఏం చెయ్యాలో తోచలేదు. సరేనండి, పేరొక్కటే ఉంచుతాను అంటూ ఆ మాట చెరిపేశాడు. ఆ కంగారులోనే, ఇక ఫోటోతో పని లేదు కదా అని, డిజైన్‌ని కిందికి దించి వెనకున్న ఫోటో విండో మూసేశాడు. ఆ రోజు మంట ఆపడం మరిచిపోయాడు.

పైడమ్మ తల దగ్గర నిప్పంటుకుంది. నుదురు, ఆ నవ్వు, భుజాలు, పక్కనున్న లారీ, అన్నీ కాలుతూ కాళ్ళదాకా వచ్చి ఆరిపోయాయి. తెర ఖాళీ అయింది.

రామునాయుడు లేచి ఢిల్లేశు చొక్కా పట్టుకున్నాడు. కొట్టేసేవాడే. మాస్టారు అడ్డం వెళ్ళబోతుంటే గౌరునాయుడే, "ఉండరా," అన్నాడు. తెర మీంచి చూపు తిప్పలేదు.

"మరోపాలి సెయ్యి, బాబూ."

ఢిల్లేశు తన వల్ల కాదన్నాడు. తప్పయిపోయిందన్నాడు. గౌరునాయుడు వాడి గడ్డం పట్టుకుని బతిమాలాడు. అంతటి మనిషి చంటిపిల్లాడిలా అడుగుతుంటే చూడలేకపోయానన్నారు మాస్టారు. చివరికి ఢిల్లేశు ఫోటో తెరిచాడు. గౌరునాయుడు చెప్పులు విడిచి పక్కకి నెట్టాడు. తలపాగా తీసి లేచి నిలబడ్డాడు. భార్య మొహం కేసి చాలాసేపు చూశాడు.

"ఎలిపో మరి," అన్నాడు ఆమెతో.

ఢిల్లేశు మూశాడు. మంట పైనుంచి కిందికి దిగింది. ఆరగానే గౌరునాయుడు నేల మీద కూలబడి ఏడ్చాడు. ఎన్నాళ్ళుగానో పట్టి ఉంచిన ఏడుపు. టీకొట్టు దగ్గరివాళ్ళంతా గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు. తమ్ముడు అన్న తలని ఒళ్ళో పెట్టుకుని తానూ ఏడ్చాడు. ఎప్పటికో గౌరునాయుడు తలపాగా గుడ్డతో మొహం తుడుచుకుని ఢిల్లేశు వైపు తిరిగాడు.

"ఆ మాట రాసీ, బాబూ."

మర్నాడు కర్మకి తనే కూర్చున్నాడు. ఢిల్లేశు మాత్రం ఆ సాయంత్రమే ఆ మంటని తన కంప్యూటర్‌లోంచి తీసి పారేశాడు. ఇప్పటికీ ఎవరడిగినా పెట్టడు.

మాస్టారు చెప్పడం ఆపారు. హైమావతి చున్నీతో కళ్ళు ఒత్తుకుని మెల్లిగా అడిగింది.

"అయితే ఆర్భాటం కాదంటారా, మాస్టారూ?"

"పెట్టినవాడు ఆర్భాటానికే పెట్టాడమ్మా," అన్నారు మాస్టారు. "చూసినవాడికి ఆ పూటే పెళ్ళాం పోయింది."