పులి పోయినా వదలని ఉడుంపట్టు

"ఒరేయ్ పట్టయ్యా! మూత తీస్తావా, బద్దలు కొట్టమంటావా?"

ఆ కేక బొరియల వీధి ఈ చివర నుంచి ఆ చివరదాకా వినపడింది. కుందేళ్లు తలలు బయటపెట్టి చూశాయి. ముక్కు మీద వాన చినుకు పడగానే మళ్లీ లోపలికి లాక్కున్నాయి. అవి మాత్రం ఏం చేస్తాయి పాపం! ఆ కేక వినడం అది నాలుగో రోజు.

ఏడువాగుల అడవిలో కణుజు దుప్పులున్నాయి, కుందేళ్లున్నాయి, అడవికోళ్లున్నాయి. వాగు ఒడ్డున వరసగా బొరియలున్నాయి. దాన్నే అందరూ బొరియల వీధి అంటారు. అరుస్తున్నది ముసలి ముళ్లపంది బాణాలయ్య. అరిపించుకుంటున్నది ఉడుము పట్టయ్య.

పట్టయ్య మెల్లగా ఒక కన్ను తెరిచాడు.

"అరవకు బావా. నీకూ ఓపిక లేదు, నాకూ లేదు. రెండో ముద్ర తీసుకురా, తీస్తాను."

"రెండో ముద్ర వేసేది పోయింది కదరా!"

"అదే కదా నేనూ చెబుతున్నది," అని పట్టయ్య కన్ను మూసుకున్నాడు.

ఇంతకీ ఆ మూత ఏమిటి, ఆ ముద్ర ఏమిటి అంటారా? చెబుతాను. కొంచెం వెనక్కి వెళ్లాలి.

పూర్వం ఆ అడవికి గండుపులి రాజు. ఆ పులి ఒక చట్టం పెట్టింది. ఆలుమగల్లో ఒకరు చనిపోతే, ఆ పోయినవాళ్ల వంతు తిండి మిగిలినవాళ్లకు దక్కదు. రాజుగారి గుహకు చేరాలి. పులి దుంపలు తింటుందా అని మీరు అడగవచ్చు. తినదు. దుంపలు అడవిపందులకు వేస్తుంది, బలిసిన పందుల్ని తింటుంది. రాజులకు అన్నీ పనికొస్తాయి.

ఆ చట్టంలో ఒక సందు ఉంది. పోయినవాళ్ల వంతును పిల్లల పేరు చెప్పి మూడోవాళ్ల దగ్గర దాచిపెడితే పులి ముట్టుకోదు. అయితే మిగిలినవాళ్లు కూడా దాన్ని ముట్టుకోకూడదు. ఒక్క దుంప కొరికినా మొత్తం రాజుగారిదే.

అందుకని జంటలన్నీ పట్టయ్య దగ్గరకు వెళ్లేవి. ఎందుకంటే ఉడుము దుంపలు తినదు, గింజలు తినదు. పైగా పట్టు పట్టిందంటే పిడుగు పడ్డా వదలదు. మొగుడూ పెళ్లాం ఇద్దరూ తడిమట్టి మూత మీద ముందరి పాదాలు పక్కపక్కనే అద్ది, తమ మాట చెప్పేవారు. ఆ మాట మార్చాలంటే మళ్లీ ఇద్దరూ వచ్చి అద్దాలి. ఒక్క పాదం చెల్లదు.

బాణాలయ్య, అతని భార్య కందమ్మ అలాగే చెప్పారు. "మాలో ఎవరు ముందు పోతే వాళ్ల వంతు దుంపలు నీ దగ్గరే ఉండాలి. మిగిలినవాళ్లు ముట్టుకోకూడదు. ఇద్దరం పోయాక పిల్లలకు ఇవ్వాలి."

ఆ రోజుకు అది మంచి మాటే. కాదనేవాళ్లు లేరు.

తర్వాత పులి చచ్చిపోయింది. ఏనుగు రాజయింది. ఏనుగుకు పచ్చిగడ్డి చాలు, ఎవరి గూట్లో ఏముందో దానికెందుకు? "నా వీపు కంటే ఎత్తు కుప్ప ఉన్నవాళ్లు కాస్త పెట్టండి, మిగతావాళ్లు ఎవరిది వాళ్లు తినండి" అంది. ముళ్లపంది దుంపల కుప్ప ఏనుగు మోకాలికి కూడా రాదు.

ఆ మాట వినగానే కందమ్మ మొగుడితో అంది. "ఏమయ్యా, ఇక మన దుంపలకు పులి భయం లేదు కదా. ఒకసారి పట్టయ్య దగ్గరకు వెళ్లి మాట మార్చుకుందామా?"

బాణాలయ్య ముళ్లన్నీ నిక్కబొడుచుకున్నాయి. "పులినే బోల్తా కొట్టించిన మాట అది! నా తెలివితో చెప్పిన మాట. దాన్ని మారిస్తే నలుగురూ ఏమనుకుంటారు?"

"నలుగురూ వచ్చి మనకు దుంపలు పెడతారా?"

"రేపు చూద్దాంలే."

మళ్లీ ఎండాకాలం వచ్చింది. కందమ్మ మళ్లీ అడిగింది. మళ్లీ రేపే. అలా ఎన్ని ఎండాకాలాలో! అడిగి అడిగి ఆమె నోరు అలిసిపోయింది. చివరికి అడగడం మానేసింది.

పక్క చెట్టు తొర్రలో ఉడుత జంట ఉండేది. చారలయ్య, చుక్కమ్మ. ఏనుగు రాజైన ఏడాదే ఇద్దరూ పట్టయ్య దగ్గరకు వెళ్లారు. పాత మాటను మొదటినుంచి చివరిదాకా చదివించినట్టు చెప్పించుకున్నారు.

"మాలో ఎవరు మిగిలితే వాళ్లే గింజలు తినాలి. వాళ్ల తర్వాతే పిల్లలకు," అన్నాడు చారలయ్య.

"అంతా తుడిచెయ్యకండి," అంది చుక్కమ్మ. "మన చిన్నదానికి చూపు లేదు. దాని వంతు మాత్రం పట్టయ్య గుప్పిట్లోనే ఉండనీ. అది అప్పుడూ అవసరమే, ఇప్పుడూ అవసరమే."

అలా పనికొచ్చేది ఉంచారు, పనికిరానిది తీసేశారు. ఇద్దరూ కొత్త మట్టి మీద పాదాలు అద్దారు. బాణాలయ్య అది చూసి, "పిరికి ఉడుతలు! ఒక మాట మీద నిలబడలేరు," అని నవ్వాడు.

ఈ ఏడు తొలకరిలో చారలయ్య పోయాడు. పది రోజులు తిరగకుండా కందమ్మ కూడా పోయింది. చుక్కమ్మ ఏడ్చింది, తర్వాత తన తొర్రలో తన గింజలు తింటూ వాన చూస్తూ కూర్చుంది. బాణాలయ్య కూడా ఏడ్చాడు. ఇంకా కళ్లు తుడుచుకోకముందే పట్టయ్య వచ్చి, కందమ్మ వంతు దుంపలన్నీ తన బొరియలోకి మోసుకుపోయి మూత పెట్టేశాడు.

వానాకాలం ఇంకా పూర్తి కాలేదు, బాణాలయ్య వంతు అయిపోయింది. కొత్తవి తవ్వుకుందామంటే పళ్లు అరిగిపోయాయి. ఇంకో నెల వాన ఉంది. తిండి లేకపోతే ఆ నెల దాటడు. అందుకే ఆ కేకలు.

ఆ రోజు కేకలు విని విసిగి చుక్కమ్మ చెట్టు దిగి వచ్చింది.

"అన్నయ్యా, ఉడుము మీద అరిచి ఏం లాభం? మాట నువ్వు చెప్పిందే కదా."

"నువ్వూ దెప్పుతావా చెల్లెమ్మా!"

"దెప్పడానికి ఇంత వానలో దిగుతానా? పట్టయ్య మామా, ఒక్కటి చెప్పు. ఆ దుంపలు చివరికి ఎవరివి?"

"పిల్లలవి," అన్నాడు పట్టయ్య.

"ఆ పిల్లలే వచ్చి, మా నాన్నే తినాలి అంటే?"

పట్టయ్య ఈసారి రెండు కళ్లూ తెరిచాడు. "ముగ్గురూ రావాలి. ముగ్గురూ పాదం అద్దాలి. ఒక్కరు తగ్గినా నా పట్టు వదలదు. అడగడానికి మాట చెప్పినవాడే వెళ్లాలి."

బాణాలయ్య బయలుదేరాడు. పిల్లలు ముగ్గురూ మూడు దిక్కుల ఉన్నారు. మొదటి రోజు వాగు దాటి కూతురు కొమ్మరాలు దగ్గరకు వెళ్లాడు. ఆమె తండ్రిని చూసింది. పిల్లలకు తిండి పెట్టి, గుమ్మం దగ్గర ఉన్న బురద ఊడ్చి, అప్పుడు అంది.

"అమ్మ అడిగినప్పుడు మార్చి ఉంటే ఈ నడక ఉండేదా నాన్నా?"

"ఉండేది కాదమ్మా."

అంతే. ఆమె వెంట వచ్చింది. రెండో రోజు కొండవాలున ఉన్న పెద్దకొడుకు వచ్చాడు. మూడో రోజు, నాలుగో రోజు నడిచి, తడిసి, జారి, లేచి, చిన్నకొడుకు గవ్వయ్య బొరియ చేరారు.

గవ్వయ్య మాత్రం తల అడ్డంగా ఊపాడు. "అది అమ్మ మాకిచ్చిన వంతు. నాకూ అయిదుగురు పిల్లలున్నారు. నీ గొప్ప కోసం నువ్వు బిగించుకున్న ముడి. నేనెందుకు విప్పాలి?"

బాణాలయ్య ముళ్లు లేవలేదు. వాటిని లేపే ఓపిక కూడా అతనికి లేదు. గుమ్మంలో వానలోనే కూలబడ్డాడు.

"నువ్వన్నది నిజమేరా. గొప్ప కోసమే. మీ అమ్మ అడిగి అడిగి అలిసిపోయింది. ఆమె పాదం పక్కన నా పాదం పెట్టడానికి వీధిలో నాలుగు అడుగులు చాలు. ఆ నాలుగు అడుగులు వెయ్యలేదు నేను. ఇప్పుడు నాలుగు రోజులు నడిచాను, ఆమె పాదం లేదు. ఇవ్వమని దబాయించను. ఆకలేస్తోంది, అడుగుతున్నాను."

గవ్వయ్య తండ్రిని అలా ఎన్నడూ చూడలేదు. కాసేపు గోళ్లతో మట్టి గీకాడు.

కొమ్మరాలు అంది, "తమ్ముడూ, అమ్మ ఉంటే ఆ దుంపలు ఎవరికి పెట్టేది?"

"ముందు ఈయనకే పెట్టేది," అని గొణిగాడు గవ్వయ్య. "తర్వాత మనకు. తను చివర తినేది."

అని లేచి, పిల్లల్ని కేకేశాడు. "పదండిరా, తాతయ్య ఇంటికి."

ముగ్గురూ వచ్చి కొత్త మట్టి మీద పాదాలు అద్దారు. పట్టయ్య అప్పుడు మూత లాగాడు. లాగి, పాపం, తనే ముఖం తిప్పుకున్నాడు. ఇన్నాళ్లు మూసి ఉంచడం వల్ల సగం దుంపలు కుళ్లి నల్లబడ్డాయి. మంచివి అడుగున ఉన్నాయి. నెలకు సరిపోతాయి, అంతకు మించి లేవు. పిల్లలకు మిగలాల్సినది పోయినట్టే.

బాణాలయ్య కుళ్లినవాటిని చూశాడు. వాటిని తనే ఒక్కొక్కటి ఏరి అవతల పారేశాడు.

కొమ్మరాలు మంచి దుంపలు కొరికి ముక్కలు చేసి, పళ్లు అరిగిన తండ్రి ముందు పెట్టింది. చుక్కమ్మ దోసెడు గింజలు తెచ్చింది. పట్టయ్య వెళ్లబోతుంటే, "నువ్వెక్కడికి బావా, కూర్చో," అన్నాడు బాణాలయ్య. పట్టయ్య దుంపలు తినడు కదా, అందుకని రెండు నత్తలు తెచ్చుకుని అతనూ పక్కన చేరాడు. బయట వాన పడుతూనే ఉంది. అందరూ గుండ్రంగా కూర్చుని తిన్నారు.

నీతి: రాజు మారితే నిన్న కాపాడిన ఏర్పాటే నేడు కట్టిపడేస్తుంది, అందుకే ఆలుమగలు ఇద్దరూ ఉండగానే పాత మాటను మళ్లీ విప్పి చూసుకోవాలి, పనికొచ్చేది ఉంచి మిగతాది మార్చుకోవాలి.