కారం మిల్లుకి బయట తాళం

నల్లగుట్ట అడవిలో గుంటనక్క గరటయ్యకి ఒక కారం మిల్లుండేది. అక్కడ మిరపకాయలు ఆడిస్తే కొండ అవతలి పాములు కూడా తుమ్మేవి. ఎద్దు పోలయ్య రాయి తిప్పేవాడు, మేక మంగి కారం జల్లించేది, గాడిదలు బస్తాలు మోసేవి.

కారం మిల్లుల్లో కిటికీలు తెరిచుండాలి, పనివాళ్లకి ముక్కుగుడ్డలివ్వాలి, పని జరుగుతున్నంతసేపు తలుపుకి తాళం వెయ్యకూడదు. ఇది అడవి చట్టం. గరటయ్య గొప్ప చట్టభక్తుడు. అందుకే దానికి దూరం నుంచే దణ్ణం పెట్టేవాడు. కారం గాలికి పోతుందని కిటికీలకి మేకులు కొట్టించాడు. మంచినీళ్ల వంకతో ఎవరూ జారుకోకుండా తలుపుకి బయట తాళం వేయించి, కుక్క వీరాసామిని కాపలా పెట్టాడు.

"సాయంత్రం గంట కొట్టేదాకా తియ్యకు. నా గొంతు వినబడినా సరే తియ్యకు. ఆ మంగి నన్ను అచ్చుగుద్దినట్టు అనుకరిస్తుందట!"

"చిత్తం దొరా."

"అయ్యా, ఊపిరాడ్డం లేదు, ఒక్క కిటికీ అయినా..." అని పోలయ్య బతిమాలితే, "ఊపిరిదేముంది మావా, ఇంటికెళ్లి తీరిగ్గా పీల్చుకో" అనేవాడు గరటయ్య.

ఇంతలో సింహం వంటశాల నుంచి కబురొచ్చింది. రాజుగారి కూతురి పెళ్లికి కారం కావాలి. వంటశాల పెద్ద ఏనుగమ్మ గజలక్ష్మి స్వయంగా వచ్చి చూస్తుంది, మిల్లు చట్టప్రకారం ఉంటేనే కొంటుంది. ఆ బేరం కుదిరితే ఇక జన్మలో కోడిపిల్ల వెంట పరిగెత్తక్కర్లేదు! గరటయ్య తోక ఆశతో గొడుగులా విచ్చుకుంది.

కొత్త ముక్కుగుడ్డలు చంకన పెట్టుకుని, తనే తాళం తీసి మిల్లులోకి దూరాడు. వీరాసామి లోపలికెళ్లిందెవరో చూడకుండానే, అలవాటుగా వెనక తాళం బిగించాడు.

"ఇవి కట్టుకోండి. ఆవిడ వెళ్లగానే విప్పి ఇచ్చెయ్యాలి. తుమ్మి పాడుచేశారో, ఊరుకోను!" అంటూ గుడ్డలన్నీ పంచాడు. తనకోసం తెచ్చుకోలేదు. యజమాని ముక్కు వేరే మట్టితో చేసిందని ఆయన నమ్మకం. "ఇక ఆ మేకులు పీకండి" అంటూ వెనక్కి అడుగేసి, కారం గుట్టలో వెల్లకిలా పడ్డాడు.

ఎర్రటి మబ్బు లేచింది. గరటయ్య తుమ్మిన మొదటి తుమ్ముకి పొరుగడవిలో కొబ్బరికాయలు రాలాయి.

"ఒరే వీరాసామీ! తలుపు తియ్యరా! నేన్రా, గరటయ్యని!"

"భలే మంగీ! అచ్చు మా దొరే!"

"మేకని కాదురా, వెధవా!"

"ఆ తిట్టు కూడా పట్టేశావే!"

లోపల మంగి దగ్గుతూనే అంది: "నా గొంతు ఇంత బాగుంటుందని నాకే తెలీదయ్యా."

"పోలయ్య మావా, నీ గుడ్డ ఒక్కసారి ఇవ్వవా..."

"తుమ్మి పాడుచెయ్యొద్దన్నారు కదయ్యా" అని పోలయ్య కొమ్ములతో కిటికీ పొడవసాగాడు. మేకులు కదిలితేనా! అంత గట్టిగా కొట్టించిన మహానుభావుడు పక్కనే కళ్లు నలుపుకుంటున్నాడు.

అప్పుడొచ్చింది గజలక్ష్మి. "లోపల ఆ గోలేమిటి?"

"పనివాళ్లమ్మా. సాయంత్రందాకా తియ్యొద్దని దొరగారి ఆజ్ఞ. మేక భలే అరుస్తోంది, మీరూ వినండి!"

ఆవిడ వినలేదు. తొండంతో తలుపు పీకి అవతల పారేసింది. అందరికంటే ముందు గరటయ్య దొర్లుకుంటూ బయటపడ్డాడు, కళ్లు రెండూ వంకాయలైపోయి.

"చూశారా అమ్మా! అందరికీ ముక్కుగుడ్డలు!"

"మరి నీకేదీ?"

"అవి పనివాళ్ల చట్టాలమ్మా. నేను యజమానిని!"

"ఆ సంగతి కారానికి చెప్పినట్టు లేవే!" అంది ఏనుగమ్మ.

పెళ్లి బేరం కిటికీలు తెరిచున్న ఎలుగుబంటి మిల్లుకి పోయింది. వెనకాలే పోలయ్యా, మంగీ, గాడిదలూ పోయారు. తలుపు లేని గుమ్మానికి వీరాసామి ఇప్పటికీ కాపలా కాస్తున్నాడు.

పనివాళ్ల కోసం పెట్టిన చట్టాన్ని గదిలో వేసి మూసేసిన యజమాని, ఆ గదిలో తన ముక్కు కూడా ఉందని మరిచిపోయినవాడే.