పోలాల అమావాస్యనాడు పుల్లి ఎక్కడికి పోయింది?

దా తల్లీ, దుప్పట్లోకి రా. అబ్బ, కాళ్ళెంత చల్లగా ఉన్నాయే నీవి! నా పొట్టకి ఆనించుకో. ఊ కొడతావా మరి? ఊ కొట్టకపోతే కథ దారిలోనే కూలబడిపోతుంది. ఆ, అదీ.

అనగనగా ఒక ఊరు. ఆ ఊళ్ళో పెరళ్ళన్నిటి వెనకాలా ఒక పెద్ద పంటకాలువ. ఆ కాలువ గట్టునే ఒక పెంకుటిల్లు. ఆ ఇంట్లో విశాలాక్షి అనే అమ్మ, ఆ అమ్మకి అత్తగారైన సోదెమ్మ, పుల్లి అనే పాప ఉండేవారు. నాన్న ఉన్నాడు కానీ, ఈ కథ జరిగిన రోజున పొరుగూరు వెళ్ళాడు.

పుల్లి అంటే పుల్లమ్మ. నవ్వకు. ఆ పేరు ఊరికే పెట్టలేదు. విశాలాక్షికి మొదట పుట్టిన ఇద్దరు పిల్లలూ పొత్తిళ్ళలో ఉండగానే పోయారు. మూడోసారి ఈ పాప పుట్టింది. మంచి పేరు పెడితే దిష్టి తగులుతుందని భయపడ్డారు. పుల్లాకంటే తిని పారేసిన విస్తరాకు. దాన్నెవరైనా ఎత్తుకుపోతారా? పోరు. అందుకని పుల్లమ్మ అన్నారు. పుల్లికి నాలుగేళ్ళు వచ్చాయి. అయినా విశాలాక్షి గుండెలో బెదురు పోలేదు. పిల్ల తుమ్మితే ఉలిక్కిపడేది. పిల్ల కాస్త ఎక్కువసేపు నిద్రపోతే ముక్కు దగ్గర వేలు పెట్టి చూసేది.

ఇంతలో శ్రావణమాసం చివరి రోజు వచ్చింది. అదే పోలాల అమావాస్య. ఆ రోజు పిల్లల తల్లులందరూ పోలేరమ్మకి నోము నోచుకుంటారు. పిలకలున్న కందమొక్కని ఇంట్లో పెట్టి, దానికి పసుపు కొమ్ము కట్టిన తోరం చుట్టి, అదే అమ్మవారనుకుని పూజ చేస్తారు. ఆడపిల్ల ఉన్నవాళ్ళు గారెలు నైవేద్యం పెడతారు. ఆ తర్వాత అలాంటి తోరమే పిల్ల మెడలో కడతారు. అది కడితే పిల్లకి ఏడాదంతా ఏ గండమూ రాదట.

ముందురోజే సోదెమ్మ పీట మీద కూర్చుని చెప్పింది. "ఇదిగో విశాలాక్షీ, ఈ నోము గాజుగిన్నె లాంటిది. మడి తప్పావో, పోలేరమ్మ ఊరుకోదు. రేపు పొద్దు నడినెత్తికి వచ్చేసరికి అమావాస్య ఘడియలు దాటిపోతాయి. ఈలోపు తోరం కట్టేయాలి. తెలిసిందా?"

"తెలిసిందండీ అత్తయ్యగారూ," అంది విశాలాక్షి. తెలియడమేమిటి, ఆ రాత్రంతా ఆ మాటే తలుచుకుంటూ మెలకువగా ఉంది.

మడి అంటే ఏమిటంటావా? చెబుతా. ఉతికిన చీరని ఎవరికీ అందని ఎత్తున దండెం మీద ఆరేస్తారు. పొద్దున్నే తలస్నానం చేసి, కర్రతో ఆ చీర దింపి కట్టుకుంటారు. ఇక ఆ పూజ అయ్యేదాకా, అలా స్నానం చేసి మడి కట్టుకోని వాళ్ళెవరినీ ముట్టుకోకూడదు. పొరపాటున తగిలితే మళ్ళీ నూతి దగ్గరికి పోవాల్సిందే.

తెల్లారగానే విశాలాక్షి నూతి దగ్గర తలస్నానం చేసి మడి కట్టుకుంది. అప్పుడు పెరట్లోకి వెళ్ళి కందమొక్కని వేళ్ళతో సహా తవ్వి తెచ్చింది. తెస్తుంటే తలుపు గడియకి తగిలి పెద్ద ఆకు నిలువునా చీలింది.

ఆ తర్వాత దీపం వెలిగించింది. గట్టు మీంచి గాలి వచ్చి దీపం ఆరిపోయింది. మళ్ళీ వెలిగించింది.

ఆ తర్వాత మూకుట్లో గారె వేసింది. మొట్టమొదటి గారె నూనెలో మూడు ముక్కలయింది.

"మూడు!" అనుకుంది విశాలాక్షి. "ఇద్దరు పోయారు. ఇప్పుడు మూడు. అమ్మా, పోలేరమ్మా, తప్పు నాది. పిల్ల జోలికి రాకు."

భయం పట్టినవాళ్ళకి అన్నీ అలాగే కనపడతాయి తల్లీ. గారె విరిగితే పిండి పలచనైందని అర్థం, అంతే. కానీ ఆ పొద్దున ఆ మాట ఆవిడకి ఎవరు చెబుతారు?

సరిగ్గా అప్పుడే పుల్లి నిద్ర లేచి, కళ్ళు నులుముకుంటూ, పాత లంగా ఈడ్చుకుంటూ వంటింటి గుమ్మంలోకి వచ్చింది.

"అమ్మా, ఎత్తుకో."

"మడి, మడి! ముట్టుకోకు! అవతలికి పో!"

పుల్లి గుమ్మం దగ్గరే నిలబడిపోయింది. కాసేపు చూసి వెళ్ళిపోయింది.

కాసేపటికి మళ్ళీ వచ్చింది. చేతిలో ఒక నందివర్ధనం పువ్వు. "అమ్మా, ఇదిగో, నీ జడలో పెడతా."

"అయ్యో రామా, దగ్గరికి రాకే! అత్తయ్యగారూ, దీన్ని కాస్త చూడండి!"

"నేను పూలు కోస్తున్నాను, నీ దగ్గరే ఉంచుకో!" అని పెరట్లోంచి అరిచింది సోదెమ్మ.

మూడోసారి వచ్చింది పుల్లి. ఈసారి లోపలికి అడుగు పెట్టలేదు. గుమ్మం అవతలే నిలబడి, చేతులు రెండూ వెనక్కి పెట్టుకుని, బుద్ధిగా అడిగింది. "అమ్మా, మరి నన్నెప్పుడు ముట్టుకుంటావు?"

మూకుట్లో నూనె పొంగుతోంది. పైన పొద్దెక్కుతోంది. విశాలాక్షికి విసుగొచ్చింది.

"నువ్వు కూడా నీళ్ళలో మునిగి మడి కట్టుకో, అప్పుడు ఎత్తుకుంటా! పో, నన్ను చంపకు!"

పుల్లి వెళ్ళింది.

ఊ కొట్టవేం? నిద్ర వచ్చిందా? భయమేసిందా? సరే, నా చెయ్యి పట్టుకో. చెబుతా.

గారెలయ్యాయి. కందమొక్కకి తోరం కట్టింది. పసుపు, కుంకుమ, పువ్వులు, అన్నీ పీట చుట్టూ అమిరాయి. అప్పుడు విశాలాక్షి పిలిచింది. "అత్తయ్యగారూ, పుల్లికి నాలుగు చెంబులు పోసి తీసుకురండి. పూజకి కూర్చుంటున్నా."

సోదెమ్మ పూలసజ్జతో లోపలికొచ్చింది. "పుల్లి నీ దగ్గర లేదూ?"

"మీ దగ్గర లేదూ?"



విశాలాక్షి గాదె కింద చూసింది. పుల్లి లేదు. పశువుల పాకలో చూసింది. దూడ ఉంది కానీ పుల్లి లేదు. పక్కింటి అరుగు దగ్గరికి పరిగెత్తి, ఆమడ దూరాన నిలబడి అడిగింది. అప్పటికింకా ఆవిడ మడి కాపాడుకుంటూనే ఉంది, పాపం. "మా ఇంటికి రాలేదమ్మా," అన్నారు.

అప్పుడు పెరటి వైపు తిరిగింది. పెరటి తలుపు తీసి ఉంది. అవతల ఏటవాలుగా ఒక కాలిబాట కాలువ రేవులోకి దిగుతుంది. ఆ బాట మొదట్లో ఒక కంప ఉంది. ఆ కంప మీద పుల్లి లంగా ఆరేసి ఉంది. పెద్దవాళ్ళు మడిబట్ట ఆరేసినట్టే, అంచులు సరిచేసి, చక్కగా.

విశాలాక్షికి అర్థమైపోయింది. తను చెప్పిన మాటే. నీళ్ళలో మునిగి మడి కట్టుకోమంది తనే.

శ్రావణమాసపు కాలువ ఎలా ఉంటుందో తెలుసా? మెట్లు మునిగి ఉంటాయి. ఎర్రనీళ్ళు సుడులు తిరుగుతూ పరిగెడుతుంటాయి. ఆవులే దిగడానికి జంకుతాయి.

"పుల్లీ!" అని ఒక్క కేక వేసి విశాలాక్షి ఆ బాట వెంట దిగింది. ముళ్ళకంప చీర పట్టుకుంటే లాగేసుకుంది. చీర చిరిగింది. ఆవిడ చూడలేదు.

రేవులో నడుం లోతు నీళ్ళలో ఒక గేదె. ఆ గేదె పక్కన నూకాలు. నూకాలంటే ఊరందరి గేదెలూ తోలుకెళ్ళి కడిగి తెచ్చే మనిషి. ఒక చేత్తో గేదె మెడతాడు పట్టుకుంది. ఇంకో చేత్తో, సొరకాయని పట్టుకున్నట్టు, పుల్లిని చంకలో ఇరికించుకుంది. పుల్లి జుట్టంతా నీళ్ళు కారుతున్నాయి. పళ్ళు టకటక కొట్టుకుంటున్నాయి.

"వచ్చారా అమ్మగారూ!" అంది నూకాలు. "ఈ బుడంకాయ ఒక్కతే మెట్లు దిగిపోతోందండి. ఏటే అంటే, 'నేను మడి కట్టుకుంటున్నా, నన్ను ముట్టుకోకు' అంటదండి నాతోటి! ఆ మాట అంటానే కాలు జారింది. ముట్టుకోకుండా ఎలాగండి? జుట్టు దొరికింది, లాగేశా."

విశాలాక్షి చేతులు చాచి రేవు మెట్ల దాకా వచ్చేసింది.

నూకాలు ఆవిడ కట్టుకున్న చీర చూసింది. ఈ రోజేమిటో నూకాలుకీ తెలుసు. ఒకడుగు వెనక్కి వేసింది. "అయ్యో, మడిలో ఉన్నారండీ. నేను తగిలితే మళ్ళీ నీళ్ళు పోసుకోవాలి. పాపని ఈ మెట్టు మీద దింపేసి నేను అవతలికి పోతాను. అప్పుడు ఎత్తుకోండి."

ఆ మెట్టు మీద నాచు పట్టి ఉంది. మెట్టు మీంచి నీళ్ళు పారుతున్నాయి. నూకాలు వంగి, పుల్లి కాళ్ళు ఆ నాచు మీద ఆనించబోయింది.

"దింపకు!" అని అరిచింది విశాలాక్షి. "దింపకే నూకాలూ! పట్టుకో, గట్టిగా పట్టుకో!"

అంటూనే నీళ్ళలోకి దిగింది. మోకాళ్ళు మునిగాయి, నడుం మునిగింది. ఒక చేత్తో నూకాలు భుజం పట్టుకుంది, ఇంకో చేత్తో పిల్లని గుండెకి లాక్కుంది. ముగ్గురూ ఒక్క ముద్దలా నిలబడ్డారు. గేదె ఒకసారి వాళ్ళని చూసి, తల విదిలించి, అందరి మీదా నీళ్ళు చల్లింది.

"అమ్మా," అంది పుల్లి వణుకుతూ, "ఇప్పుడు నాకు మడేనా?"

విశాలాక్షి ఏడ్చింది. ఆ ఏడుపుకి నూకాలు కూడా ఏడ్చింది. "ఊరుకోండమ్మగారూ, పిల్ల ఉందిగా, ఇదిగో ఉందిగా," అంటూనే ఏడ్చింది.

ఆ తర్వాత విశాలాక్షి పిల్లని చంకనెత్తుకుని ఇంటికి వచ్చింది. దారంతా కొత్త భయం. పొద్దు దాదాపు నడినెత్తిన ఉంది. మళ్ళీ స్నానం చేసి, మళ్ళీ ఇంకో మడిచీర కట్టుకునే వ్యవధి లేదు. పోనీ అలాగే కూర్చుంటే? మైలచేత్తో తోరం కడితే అమ్మవారు ఊరుకుంటుందా? ఊరుకోక మళ్ళీ ఈ పిల్లనే అడిగితే?

గుమ్మంలో సోదెమ్మ నిలబడి ఉంది. చేతిలో పూలసజ్జ అలాగే ఉంది.

విశాలాక్షి దాచలేదు. "అత్తయ్యగారూ, మడి పోయింది. నూకాలుని పట్టుకున్నాను. చేతులారా పట్టుకున్నాను."

సోదెమ్మ కోడలిని చూసింది, చిరిగిన చీర చూసింది. ఆ తర్వాత ముందుకొచ్చి, తడి పిల్ల నుదుటి మీద చెయ్యి వేసింది. చెయ్యి తీయలేదు.

"పట్టుకోక?" అంది. "పట్టుకోకపోతే పిల్లేదే? ఆ ఇద్దరూ పోయినప్పుడు నేనూ పక్కనే ఉన్నాను విశాలాక్షీ. ఏ తప్పువల్ల పోయారో తెలీక, ఒక్క తప్పూ జరగకూడదని ఇన్ని కట్టుబాట్లు పెట్టాను. నీకొక్కదానికే భయమనుకున్నావా?"

విశాలాక్షి తలెత్తి చూసింది. ఇన్నేళ్ళలో అత్తగారు భయపడుతుందని ఆవిడ ఎప్పుడూ అనుకోలేదు.

సోదెమ్మ కళ్ళు తుడుచుకుంది. వెంటనే మళ్ళీ పాత గొంతు తెచ్చుకుంది. "చూస్తావేం? తడిబట్టని మించిన మడి ఉందా ఎక్కడైనా? తల్లీ పిల్లా ఒకే నీళ్ళలో మునిగి వచ్చారు. కూర్చో, కూర్చో! ఘడియలు దాటిపోతున్నాయి!"

అప్పుడు విశాలాక్షి నీళ్ళోడుతున్న చీరతోనే పీట ముందు కూర్చుంది. పుల్లిని ఒళ్ళోంచి దింపలేదు. ఆకు చీలిన కందమొక్కకే దణ్ణం పెట్టింది. "అమ్మా పోలేరమ్మా, నువ్వు పిల్లల తల్లివి. పిల్ల దగ్గరికొస్తే పొమ్మన్నాను. అదొక్కటే నా తప్పు. క్షమించు," అంది. పొద్దు నడినెత్తికి చేరకముందే తోరం పుల్లి మెడలో పడింది. తోరం విశాలాక్షి పట్టుకుంటే ముడి సోదెమ్మ వేసింది.

భయం అంతటితో పోయిందంటావా? పోలేదమ్మా. భయం అలా ఒక్క ముడితో పోదు. పిల్లకి జ్వరం వస్తుందేమోనని ఆ రోజంతా నుదురు తాకి చూస్తూనే ఉంది. జ్వరం రాలేదు. మర్నాడు పొద్దున పుల్లి లేచి, "ఆకలి," అంది. ఆ ఒక్క మాట విన్నాక విశాలాక్షి గట్టిగా ఊపిరి పీల్చుకుంది.

పిల్లలున్న ఇంకో తల్లికి వాయనం ఇస్తే గానీ నోము పూర్తికాదు కదా. ఆ గొడవలో అది ఉండిపోయింది. "ఎవరిని పిలవను అత్తయ్యగారూ?" అని అడిగింది విశాలాక్షి.

"అడగాలా?" అంది సోదెమ్మ. "రేవులో ఉంటుంది, పో."

విశాలాక్షి కొత్త గారెలు వండి, పసుపు, కుంకుమ, రవికెల గుడ్డ పళ్ళెంలో పెట్టుకుని, పుల్లిని వెంటబెట్టుకుని రేవుకి వెళ్ళింది. నూకాలు నుదుట బొట్టు పెట్టింది. ఆవిడ చేతులు తన చేతుల్లోకి తీసుకుని పళ్ళెం పెట్టింది.

నూకాలు పళ్ళెం కేసి చూసింది. ఒకటి, రెండు అని గారెలు లెక్కపెట్టింది. సిగ్గుపడుతూ తల గోక్కుంది.

"అమ్మగారూ, మా ఇంట్లో ఐదుగురు పిల్లలండీ. మీరేమో నాలుగే తెచ్చారు. ఇంటికెళ్ళాక నా వీపు చీరేస్తారండి!"

విశాలాక్షి నవ్వింది. ఎన్నాళ్ళకో నవ్వింది తల్లీ, కడుపు పట్టుకుని నవ్వింది. నవ్వుతూనే, "పుల్లీ, నువ్విక్కడ నూకాలు దగ్గరుండు. నేనెళ్ళి ఇంకో వాయి వేసుకొస్తా," అంది. పిల్లని నూకాలు చేతిలో పెట్టి, వెనక్కి ఒక్కసారి కూడా తిరిగి చూసుకోకుండా ఇంటికి నడిచింది.

కథ పోయె కంచికి,
నీళ్ళు పోయె పంటకి,
నిద్ర వచ్చె కంటికి,
నువ్వూ నేనూ ఇంటికి.