అచ్చియ్యమ్మ కుంచం సొట్ట

అనగనగనగా, అటు కొండకీ ఇటు ఏటికీ మధ్య ఇరుక్కున్న ఒక ఊళ్ళో అచ్చియ్యమ్మ అని, పొలం పుట్రా ఉన్న ఒకావిడ ఉండేది. కాలు నా మీద వెయ్యకు బంగారూ, చెప్తున్నాను కదా. ఆవిడకి అనుమానం ఎక్కువ. పాలు పోసేవాడి ఎదురుగానే పాలల్లో వేలు ముంచి చూసేది. గుడిలో ప్రసాదం పెడితే పక్కవాళ్ళ ఆకులోకి తొంగిచూసేది.

ఆవిడ ఇంట్లో అత్తగారి నాటి ఇత్తడి కుంచం ఒకటి ఉండేది. కుంచం అంటే నాలుగు మానికలు పట్టే పెద్ద కొలతగిన్నె అనుకో, మానికలో పావు వంతు సోల. కళ్ళంలో ధాన్యం కొలిచేదీ, కూలివాళ్ళకి గింజలు ఇచ్చేదీ దాంతోనే. దాని అడుగున, సరిగ్గా మధ్యలో, లోపలికి ఒక సొట్ట ఉండేది.

ఒకనాడు నూకాలు అనే కూలిమనిషి, "అమ్మగోరూ, ఇంటికెళ్ళి కొలుసుకుంటే కుంచానికి సోలెడు తక్కువొస్తన్నాయి" అంది. అచ్చియ్యమ్మకి ఒళ్ళు మండింది. "దారిలో నువ్వే దాచుకుని నా కొలత మీద పెడతావేటే దొంగదానా" అని కళ్ళంలో నలుగురి ముందూ అనేసింది. అంతే, ఆ తర్వాత ఊళ్ళో ఎవరూ నూకాల్ని పనికి పిలవలేదు. పాపం, పదేళ్ళపాటు ఏరు దాటి పక్కూరికి కూలికి వెళ్ళింది. నాకైతే తలుచుకుంటే ఇప్పటికీ కడుపు మండుతుంది.

ఆ తర్వాత కాటాలు వచ్చాయి, కుంచం అటకెక్కింది. అప్పుడు పట్నం నుంచి పాత సామాన్లు కొనే ఆయన వచ్చాడు. కుంచాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "తీసుకుంటానమ్మా. బాగుచేయించకండి, సొట్ట అలాగే ఉండనీండి. ఆదివారం వస్తాను" అన్నాడు.

బాగుచేయించొద్దంటాడేమిటని అచ్చియ్యమ్మకి అనుమానం. రేపొచ్చి ఆ సొట్టే చూపించి ధర తెగ్గోస్తాడనుకుంది. అందుకని ఇత్తడి పని చేసే కంచరి వీరాచారి దగ్గరికి బయల్దేరింది. మరి వీరాచారి మీద మాత్రం నమ్మకమా? కుంచం మార్చేసి అలాంటిదే చిన్నది ఇచ్చేస్తేనో? అందుకని ముందే ఆ కుంచం నిండా బియ్యం కొలిచి, అంచు మీద చెయ్యి రాసి, మూటకట్టి తీసుకెళ్ళింది. పనయ్యాక ఆ బియ్యం పోస్తే సరిగ్గా నిండాలన్నమాట.

వీరాచారి సుత్తితో సొట్ట తీశాడు. ఆవిడ రెప్ప వెయ్యకుండా ఎదురుగా కూర్చుంది. అప్పుడు మూట విప్పి బియ్యం పోసింది. కుంచం నిండలేదు. సోలెడు వెలితి.

మొదట, "నా బియ్యం తీశావు" అంది. మూట ఆవిడ ఒళ్ళోంచి కదిలితేగా. అప్పుడు, "కుంచాన్ని సాగగొట్టావు" అంది. వీరాచారి కుంచం ఖాళీ చేసి, తన ఇంటి బియ్యం తన మానికతో నాలుగు మానికలు పోశాడు. అంచుదాకా వచ్చి ఆగింది. ఆ తర్వాత, "నీ మానికే దొంగది" అని ఇంటికెళ్ళి సొంత మానిక తెచ్చి కొలిచింది. అదీ నాలుగే. ఇంక అనుమానించడానికి బయటివాళ్ళెవరూ మిగల్లేదు.

వీరాచారి మెల్లగా అన్నాడు. "కింద పడితే అంచు వంగుతాదమ్మా, అడుగు మధ్యన ఇలా పొంగదు. ఇది ఎవరో పనిగట్టుకుని కొట్టిన సొట్ట."

ఆ కుంచం ఏనాడూ ఆ ఇంటివాళ్ళ చెయ్యి దాటింది కాదు. అత్తగారి పెట్టెలోంచి తాళంచెవితో సహా ఈవిడ చేతికే వచ్చింది. అచ్చియ్యమ్మ మొహం మాడిపోయింది.

"నేనెవరికీ చెప్పన్లెండి" అన్నాడు వీరాచారి. "కావాలంటే మళ్ళీ రెండు దెబ్బలేసి సొట్ట పెట్టేస్తాను. కొనేవోడికీ అదే కావాలంట కదా."

ఆవిడ ఆలోచించింది. సొట్టతోపాటు ఆ తప్పు కూడా పట్నం వెళ్ళిపోతుంది. ఇంటి పరువు నిలుస్తుంది. నూకాలు మాత్రం దొంగగానే మిగిలిపోతుంది. చివరికి "వద్దులే" అంది. ఆ ఒక్క మాటకే నాకు ఆవిడంటే కాస్త ఇష్టం.

ఆదివారం పట్నం ఆయన వచ్చి, సొట్ట లేదని, పాతది పాతగా ఉంటేనే విలువని పెదవి విరిచి, కొనకుండానే వెళ్ళిపోయాడు.

అప్పుడు అచ్చియ్యమ్మ ధాన్యం బస్తా మోయించుకుని నూకాలు గుమ్మం ముందుకి వెళ్ళింది. "నువ్వు చెప్పిందే నిజం నూకాలూ, మా కుంచమే తక్కువ" అంటూ బాకీపడ్డ గింజలు ఆ కుంచంతోనే బుట్టలోకి కొలవసాగింది. నూకాలు లోపలికి వెళ్ళి తన మానిక తెచ్చుకుంది. ఆవిడ పోసిన ప్రతి కుంచాన్నీ ఆవిడ ఎదురుగానే మళ్ళీ కొలుచుకుంది. అచ్చియ్యమ్మ తల వంచుకుని నిలబడింది. నిలబడాల్సిందే మరి.

అంతా అయ్యాక నూకాలు, "గింజలు సరిపోనాయమ్మగోరూ. మాట ఇంకా రావాల" అంది. "కళ్ళంలో అన్నారు. కళ్ళంలోనే చెప్పాల."

మర్నాడు కళ్ళంలో నలుగురూ ఉండగా అచ్చియ్యమ్మ చెప్పింది. "నూకాలు దొంగ కాదు. దొంగతనం మా ఇంటిది." నూకాలు గట్టు మీద నిలబడి ఆ మాట చివరిదాకా విని, కొంగు నడుముకి బిగించి, పదేళ్ళ తర్వాత ఆ కళ్ళంలో అడుగుపెట్టింది.

కథమ్మ కదిలి కంచికి పోయె,
కునుకమ్మ కదిలి కంటికి వచ్చె,
మనమూ చేరితిమి ఇంటికి, హాయి.