మూడో పిలుపు

అప్పల నరసింహం మాస్టారిని ఎవరు పిలిచినా మూడోసారికి గాని పలకరు. కొత్తవాళ్ళు చెవుడనుకుంటారు. సందెవేళ గుమ్మం బయటినుంచి పిలిచేది మనిషో కాదో తెలీదు, మనిషి కానిది మూడోసారి పిలవదు అని వాళ్ళమ్మ చెప్పిన మాట. ఆయన దాన్ని పట్టపగలు కూడా పాటిస్తారు.

ఆ సాయంత్రం, ఒకప్పుడు ఆయన దగ్గర చదువుకున్న ఇందుమతి మూడుసార్లు పిలిచి లోపలికొచ్చింది. సంచిలోంచి పలకల్లాంటి నాలుగు కంప్యూటర్ టాబ్లెట్లు తీసి చాపమీద పరిచింది. ఆమె పనిచేసే కంపెనీ చిన్నపిల్లల కోసం కొత్తగా తెస్తున్న రకం అది. పేరు పెట్టే పని ఆమెది. మర్నాడు ఖాయం చెయ్యాలి.

"మాస్టారూ, ఇలాంటివాటికి పేరెలా పెట్టాలండీ?"

అరుగుమీద కూర్చున్న పాత శిష్యుడు కామరాజు నవ్వాడు. "వీటికి పేరెందుకమ్మా! మా ఇంట్లో ఉన్న ఫోను తొమ్మిది ప్రో ప్లస్సట. మా ఆవిడ మాత్రం 'మాయదారిది' అంటుంది. దానికి అదే నప్పింది."

"అందుకే అంకెలొద్దనుకున్నాం. పిల్లలు నోరారా పిలవాలి, పిలిస్తే అది పలకాలి," అంది ఇందుమతి. "జాజి అని రాసిచ్చాను. అందరికీ నచ్చింది."

కామరాజు నవ్వు ఆగిపోయింది. జాజి ఇందుమతి కూతురు. జ్వరమొచ్చి చనిపోయి రెండేళ్ళయింది. తల్లి వెంట వచ్చినప్పుడల్లా ఈ ఇంటి వెనక, నూతి గచ్చుమీద తొక్కుడుబిళ్ళ ఆడుకునేది.

"మా ఇంట్లో ఆ పేరు ఎవరూ ఎత్తరు మాస్టారూ. నలుగురి నోటా ఆడితే బతికుంటుందని... తప్పంటారా?"

మాస్టారు టాబ్లెట్ల వైపు చూపించారు. "ఏదీ, పిలువు," అన్నారు.

"జాజీ!"

నాలుగు తెరలూ ఒక్కసారి వెలిగాయి. "ఆఁ, చెప్పు!" నాలుగింటిదీ ఒకే గొంతు. ఎవరో పరాయి పిల్లచేత పలికించి రికార్డు చేసిన గొంతు. ఆ సంగతి ఇందుమతికి తెలుసు. అయినా తెరలమీదికి వంగింది.

"మళ్ళీ."

"జాజీ!"

"ఆఁ, చెప్పు!"

"మీ అమ్మాయి ఇలా వెంటనే పలికేదా?"

"ఎక్కడండీ! మిమ్మల్ని చూసి అదీ అలాగే తయారైంది. గొంతు చించుకున్నా మూడోసారికే."

"అయితే వీటిని ఆర్పేసి పిలువు."

ఆమె ఒక్కొక్కటే ఆర్పింది. తెరలు నల్లబడ్డాయి. ఇంట్లో ఇంకా దీపం వెయ్యలేదు. అయినా తల్లి కదా, పిలిచింది.

"జాజీ..."

చాపమీద ఏదీ పలకలేదు. వెనక నూతి దగ్గర, గచ్చుమీద బిళ్ళ జారిన చప్పుడయింది. ఆ తర్వాత, ఎంతో దూరం నుంచి పరుగెత్తుకొచ్చిన పిల్లకి ఊపిరి అందనట్టు,

"వచ్చానమ్మా... ఏంటీ?"

అరుగుమీంచి కామరాజు లేచి నిలబడ్డాడు. అతను చూస్తున్నదీ పెరటి తలుపు వైపే. ఇందుమతి అటు పరుగెత్తబోతే మాస్టారు చెయ్యి పట్టుకుని ఆపారు. చాలాసేపు వదల్లేదు. పెరట్లో మళ్ళీ చప్పుడు కాలేదు.

"ఇవి ఎన్ని ఇళ్ళకి వెళతాయమ్మా?" అన్నారు చివరికి.

ఆమె చాపమీది టాబ్లెట్ల వైపు తిరిగింది.

"అన్ని ఇళ్ళలోనూ రోజంతా పిలుస్తూనే ఉంటారు. పిల్ల అలిసిపోదూ?"