రాజుగారి పప్పు, పసివాడి ముఖం

చందనగిరి అనే రాజ్యం ఒకటి ఉండేదట. అది ఎక్కడుందో, ఇప్పుడేమైందో నన్నడక్కండి. అక్కడి రాజుగారి పప్పులో ఉప్పెక్కువైన సంగతి మాత్రం నాకు బాగా తెలుసు, అదే చెబుతాను.

ఆ రాజు పేరు వీరకేసరి. మనిషి మంచివాడే. పన్నులు అతిగా వేయలేదు, యుద్ధాలకి తొందరపడలేదు. చిక్కల్లా ఆయన నాలుకతోనే వచ్చింది. రుచి తెలిసిన నాలుక లోకంలో తనదొక్కటేనని ఆయన నమ్మకం. తనకు తానే 'రసనాచక్రవర్తి' అని బిరుదు ఇచ్చుకుని, భోజనశాల గుమ్మం మీద చెక్కించాడు కూడా. ఆ అక్షరాలు చెక్కిన శిల్పికి భోజనం పెట్టించి, కూర ఎలా ఉందని అడిగాడు. బాగుంది ప్రభూ అన్నాడు శిల్పి. "నీకేం తెలుసు?" అన్నాడు రాజు.

ఇంత గొప్ప నాలుకకి ఒక వ్యసనం ఉంది. తాంబూలం. పొద్దున కళ్ళు తెరిచింది మొదలు రాత్రి మూసేదాకా నలభై తాంబూలాలు. వాటిలో సున్నం దండిగా, లవంగాలు దండిగా, పచ్చకర్పూరం మరీ దండిగా. ఏ నాలుకైనా ఎంతకని ఓర్చుకుంటుంది? మొద్దుబారింది. తిన్నదల్లా చప్పగా ఉంటే రాజుగారు తన నాలుకని అనుమానించలేదు, వంటని అనుమానించాడు.

"ఉప్పు చాలలేదు," అన్నాడు ఒకరోజు. వేశారు. మర్నాడూ అదే మాట. మళ్ళీ వేశారు.

ఇలా ఆరు నెలలు గడిచాయి. రాజుగారు ఒక్కరే తింటే ఎవరికీ బాధ ఉండేది కాదు. కాని ఆయన పంక్తిలో మంత్రి, సేనాపతి, పండితులు పాతికమంది కూర్చునేవారు. అందరికీ అదే పప్పు. సేనాపతికి కళ్ళల్లో నీళ్ళు తిరిగితే ఆనందబాష్పాలని చెప్పుకున్నాడు. మంత్రి ముద్ద మింగి, "అమృతం ప్రభూ" అని, ఆ వెంటనే చెంబెడు నీళ్ళు ఎత్తిపట్టి తాగేవాడు. భోజనాలయ్యాక కొలువంతా కోట వెనక బావి దగ్గర చేరేది. అక్కడ ఎవరూ ఎవరితోనూ మాట్లాడేవారు కాదు, నీళ్ళు తోడుకునేవారు.

ఇక వంట చేసే మనిషి సంగతి. ఆమె పేరు కోనమ్మ. డెబ్భై ఏళ్ళది. రాజుగారికి అన్నప్రాశన నాడు పాయసం వండింది ఆవిడే. ఒకనాటి మధ్యాహ్నం రాజు పప్పు నోట పెట్టి ఎప్పటిలాగే మొహం చిట్లించి, ఇంకో గుప్పెడు ఉప్పు వెయ్యమన్నాడు.

కోనమ్మ చేతులు ముడుచుకుని నిలబడింది. "ఇంక వెయ్యను బాబూ. ఇప్పటికే మూడింతలు పడింది. ఇంకా వేస్తే అది పప్పు కాదు, ఊరగాయ."

పాతికమందీ ముద్ద పట్టుకున్న చేతులు పైకెత్తకుండా ఆపేశారు.

"నా నాలుకకి ఎదురు చెబుతున్నావా?" అన్నాడు రాజు.

"నాలుకకి కాదు బాబూ, గుప్పెడు ఉప్పుకి చెబుతున్నాను."

రాజుకి కోపం వచ్చింది. తనే లేచి, ఉప్పుజాడీ తెప్పించి, తన చేత్తో ఓ గుప్పెడు తీసి తన వెండిగిన్నెలో వేసి కలిపాడు. తిన్నాడు. "ఇదీ పప్పంటే," అన్నాడు. మంత్రి తల ఊపాడు, ఆ గిన్నె తన వైపు రానందుకు కులదైవానికి మొక్కుకున్నాడు.

"ఉప్పు ఎంత వెయ్యాలో తెలియని చెయ్యి నా వంటశాలకి అక్కర్లేదు. రేపు సాయంత్రంలోగా ఈవిడ నా రాజ్యం దాటాలి," అన్నాడు రాజు.

ఈ కొలువులోనే దేచయ్య అనే మనిషి ఉండేవాడు. ఆయన ఉద్యోగం రాజుని నవ్వించడం. నవ్వించి నవ్వించి బతుకుతున్నా, ఆయనకి అన్యాయం చూస్తే అన్నం దిగేది కాదు. చిన్నప్పుడు తండ్రి చెయ్యి పట్టుకుని కోటకి వచ్చిన రోజుల నుంచీ ఆయన తిన్నది కోనమ్మ చేతి అన్నమే. మర్నాడు పొద్దున్నే వంటశాలకి వెళ్ళాడు.

కోనమ్మ మూట కట్టుకుంటోంది. రెండు చీరలు, ఒక ఇత్తడి గరిటె. అంతే మూట.

"ఎక్కడికి వెళ్తావవ్వా?"

"ఎక్కడికని వెళ్తాను నాయనా? ఈ పొయ్యి తప్ప నాకు వేరే ఊరు లేదు." ఆమె ఏడవలేదు. అదే దేచయ్యకి ఎక్కువ బాధనిపించింది.

వంటశాలలో బియ్యం దంచే పైడమ్మ ఒక కాపలా సిపాయి భార్య. ఆమె తన పిల్లవాణ్ణి ఓ మూల పీట మీద కూర్చోబెట్టి దంచుకుంటోంది. వాడికి పధ్నాలుగు నెలలు. మాటలు రాలేదు. కోనమ్మ మూట పక్కన పెట్టి, ఎప్పటిలాగే పప్పూ అన్నమూ నెయ్యివేసి మెదిపి వాడి నోట్లో ఇంత పెట్టింది. వాడి బుగ్గలు, కళ్ళు, కనుబొమలు, చెవులతో సహా మొహమంతా కలిసి ఆ ముద్ద తింది. తిని, నోరు తెరిచి మళ్ళీ చూశాడు.

దేచయ్య వాడి వంక చాలాసేపు చూశాడు. "అవ్వా, ఆరు నెలలైంది ఈ కోటలో అన్నం తినే ముఖం చూసి," అన్నాడు. "ఆ మూట కట్టడం ఆపకు. కాని సాయంత్రందాకా కదలకు."

మధ్యాహ్నం కొలువులో దేచయ్య రాజుకి నమస్కరించి నిలబడ్డాడు.

"ప్రభూ, కోనమ్మ వెళ్ళిపోతుంది, సరే. కాని రేపు ఊళ్ళో జనం ఏమనుకుంటారు? రాజుగారి నాలుక సరైనదో, ముసలమ్మ చెయ్యి సరైనదో అని రచ్చబండ దగ్గర వాదులాడుకుంటారు. తమ రసజ్ఞత ఎంతటిదో ఒక్కసారి లోకానికి చూపిస్తే ఆ నోళ్ళు మూతపడతాయి."

"చూపించడానికేముంది? ఏం కావాలో తెచ్చి పెట్టు, తిని చెబుతాను."

"తిని చెప్పడం మా మంత్రిగారైనా చెబుతారు. తినకుండా చెప్పాలి. వేరేవాళ్ళు తింటే, వాళ్ళ ముఖం చూసి ఏం తిన్నారో తమరు చెప్పాలి."

రాజుకి ఈ మాట నచ్చింది. మీసం మీద చెయ్యి వేశాడు. "మంత్రికి పెట్టు."

"మంత్రిగారి ముఖం పనికిరాదు ప్రభూ. ఆయన ఏం తిన్నా ఒకటే చిరునవ్వు. ఈ పంక్తిలో కూర్చునే పాతికమందిదీ అదే చిరునవ్వు. ఇంకా కొలువులో చేరని ముఖాలు కావాలి. నేను నలుగురు పసివాళ్ళని పిలిపించాను."

మంత్రి అదే చిరునవ్వుతో నేల చూశాడు.

"పందెం ఏమిటి?" అన్నాడు రాజు.

"నలుగురిలో ఒక్కరి దగ్గర తప్పినా కోనమ్మ ఉండిపోవాలి. నాలుగూ సరిగ్గా చెబితే తమరు ఏ తీర్పు ఇస్తే ఆ తీర్పు జరిగి తీరాలి. ఇక ఎవరూ నోరెత్తకూడదు, నాతో సహా."

"ఒప్పుకున్నాను," అన్నాడు రాజు. ఆ మాట వినగానే కోనమ్మ ఇక తను వెళ్ళక తప్పదనుకుంది. ఆమె ద్వారం దగ్గర మూట పట్టుకుని నిలబడి ఉంది. రాజుకి ముఖాలు చదవడం వచ్చునని ఆమెకి తెలుసు, చిన్నప్పుడు ఆమె ముఖం చూసే ఆ పూట వంటేమిటో చెప్పేసేవాడు.

కొలువు మధ్యలో తెర కట్టారు. తల్లులు పిల్లల్ని ఎత్తుకుని తెర వెనక నిలబడ్డారు. నాలుగు గిన్నెలు మూతలు వేసి ఉన్నాయి. పైడమ్మ మాత్రం ముందే చెప్పింది, "కారం గనక ఉంటే నేను నా కొడుకుని తీసుకుని వెళ్ళిపోతానయ్యా, రాజుగారైనా సరే."

మొదటి పాపకి దేచయ్య వేలితో ఏదో నాకించాడు. తల్లి తెర ఇవతలికి వచ్చింది. పాప పెదవులు చప్పరిస్తూ కళ్ళు సగం మూసి, తల్లి కొంగు పట్టుకుని అటూ ఇటూ ఊగుతోంది.

"బెల్లం," అన్నాడు రాజు, ఇది కూడా ఒక ప్రశ్నా అన్నట్టు.

రెండోవాడు వచ్చాడు. వాడి ఒక కన్ను మూసుకుపోయింది. భుజాలు రెండూ చెవుల దాకా లేచాయి. ఒళ్ళంతా ఒకసారి వణికి, తర్వాత ఇంకా కావాలని నోరు తెరిచాడు.

"మళ్ళీ అడుగుతున్నాడంటే తీపే ప్రభూ," అన్నాడు మంత్రి.

"నీ మొహం. చింతపండు. వణికిస్తూనే మళ్ళీ రమ్మని పిలిచేది చింతపండు ఒక్కటే," అన్నాడు రాజు. దేచయ్య తెర పక్కనుంచి గిన్నె చూపించాడు. కొత్త చింతపండు. కొలువంతా చప్పట్లు కొట్టింది, ఈసారి మనస్ఫూర్తిగానే కొట్టింది. కోనమ్మ మూట ముడి ఇంకోసారి బిగించుకుంది.

మూడో పాప నాలుక బయటపెట్టి, మళ్ళీ లోపలికి తీసుకోవడం మానేసింది. చొల్లు కారుతోంది. తనకి ద్రోహం జరిగిందన్నట్టు తల్లి మొహంలోకి చూస్తోంది.

"వేపపువ్వు," అన్నాడు రాజు. "ఊరికే చూస్తారేం, ఆ పాప నోట్లో కాస్త తేనె వెయ్యండి."

ఇక మిగిలింది పైడమ్మ కొడుకు. వాడు తెర వెనక నవ్వుతూ ఉండడం అందరికీ వినిపించింది, ఎందుకంటే గిన్నె చూడగానే వాడికి అన్నం గుర్తొచ్చింది. దేచయ్య వేలి కొసతో రవ్వంత నోట్లో పెట్టాడు. నవ్వు ఆగింది. పైడమ్మ వాణ్ణి ఇవతలికి తెచ్చింది.

వాడి మొహం ముడుచుకుపోయి గుప్పెడంత అయింది. పెదవులు రెండూ బయటికి తన్నుకొచ్చాయి. ఉన్నది ఉన్నట్టు ఉమ్మేసి, రెండు చేతులతో నాలుక తుడుచుకుని, అప్పుడు ఏడుపు అందుకున్నాడు.

రాజు సింహాసనం దిగి నాలుగడుగులు ముందుకొచ్చాడు.

"ఇది ఉప్పు. చిటికెడూ కాదు, చారెడూ కాదు. పాలు మానని పసివాడికి ఇంత ఉప్పు పెడతారా? దీన్ని కలిపిన చెయ్యి ఎవరిది? ఆ చేతికి జాలి లేదు, ఆ నోటికి రుచి లేదు. వాళ్ళెవరైనా సరే, ఈ సాయంత్రంలోగా నా రాజ్యం దాటాలి. ఇదే నా తీర్పు."

దేచయ్య తెర లాగేశాడు. నాలుగో గిన్నె వెండిది. మూత మీద సింహం ముద్ర ఉంది. అందులో ఉన్నది నిన్న మధ్యాహ్నం రాజు తన చేత్తో ఉప్పు కలుపుకుని తిన్న పప్పు, అందులో మెదిపిన నాలుగు మెతుకులు.

"నాలుగూ సరిగ్గా చెప్పారు ప్రభూ," అన్నాడు దేచయ్య చేతులు జోడించి. "పందెం తమదే. తీర్పూ తమదే. ఎవరూ నోరెత్తకూడదన్నాను గనక నేనూ ఎత్తను. ఒక్కటి అడిగి ఊరుకుంటాను. తమరు ఏ దిక్కుగా బయలుదేరతారు? ఉత్తరమైతే ఏరు పొంగుతోంది, పల్లకీ వెళ్ళదు."

సేనాపతి మళ్ళీ కళ్ళు తుడుచుకున్నాడు, ఈసారి ఎందుకో ఆయనకే తెలియదు.

"వీడికి అసలు పప్పన్నమే పడదేమో," అన్నాడు రాజు, కాని గొంతులో మునుపటి బలం లేదు.

కోనమ్మ వంటశాలకి వెళ్ళి తను పసివాడి కోసం మామూలు ఉప్పుతో వండిన పప్పు, అన్నం, నెయ్యి ఒక గిన్నెలో మెదిపి తెచ్చి రాజు చేతికిచ్చింది. రాజు తన చేత్తో చిన్న ముద్ద చేసి వాడి నోటి దగ్గర పెట్టాడు. వాడు అనుమానంగా నాలుక చివర తగిలించి చూశాడు. తర్వాత ముద్ద మాయమైంది. ఇంకో ముద్ద పెట్టేదాకా ఆగలేక రాజు ఉంగరాల చేతిని రెండు చేతులా పట్టుకుని గిన్నె వైపు లాగాడు.

రాజు ఆ గిన్నెలోది కాస్త నోట్లో వేసుకున్నాడు. తర్వాత వెండిగిన్నెలోది వేసుకున్నాడు. మళ్ళీ మొదటిది. ఆయన మొహంలో రంగు మారింది.

"కోనమ్మా, నాకు రెండూ ఒకటిగానే ఉన్నాయి," అన్నాడు మెల్లగా. "ఆరు నెలల నుంచి ఏం తిన్నా ఊక తిన్నట్టుంది. నువ్వు నాకు వండడం మానేశావనుకున్నాను."

"అయ్యో బాబూ, నేనా?" అంది కోనమ్మ. అప్పుడు ఏడ్చింది.

రాజవైద్యుడు గొంతు సవరించుకున్నాడు. "తాంబూలం ప్రభూ. ఆ సున్నం, ఆ కర్పూరం. ఆరు నెలలుగా మనవి చేద్దామనే అనుకుంటున్నాను."

"మరి ఎందుకు చెయ్యలేదు?"

"పప్పు తింటున్నాను ప్రభూ, నోరు ఖాళీ లేదు."

రాజుకి కోపం రావలసింది. కాని సరిగ్గా అప్పుడే పైడమ్మ కొడుకు ముద్ద ఆలస్యమైందని ఆయన మీసం పట్టుకుని గుంజాడు. రాజు పకపకా నవ్వాడు. ఆయన నవ్వాక మంత్రి నవ్వాడు, తర్వాత అందరూ నవ్వారు. రాజు తన తీర్పూ, కోనమ్మ మీది ఆజ్ఞా వెనక్కి తీసుకున్నాడు. తాంబూలపు పెట్టె ఆ పూటే వైద్యుడి ఇంటికి వెళ్ళిపోయింది. గుమ్మం మీది బిరుదు చెక్కినవాడే వచ్చి చెరిపేశాడు.

నలభై రోజులు గడిచాయి. అందరూ మళ్ళీ పంక్తిలో కూర్చున్నారు. రాజు పక్కన చిన్న పీట మీద పైడమ్మ కొడుకు కూర్చున్నాడు. కోనమ్మ వడ్డించి, రాజు మొహం వంకే చూస్తూ నిలబడింది. రాజు ముద్ద నోట్లో పెట్టుకుని కళ్ళు మూసుకున్నాడు.

"ఉప్పు కాస్త తక్కువైంది కోనమ్మా," అన్నాడు.

మంత్రి చెయ్యి తనకి తెలియకుండానే నీళ్ళ చెంబు మీదికి పోయింది. దేచయ్య చప్పున పసివాడి వంక చూశాడు. వాడు ముద్ద నమలడం మానేసి, ఏదో మర్చిపోయారే అన్నట్టు కోనమ్మ వంక చూస్తున్నాడు.

కోనమ్మ గరిటెలోంచి ఓ బొట్టు అరచేతిలో వేసుకుని నాకి చూసింది. ముడతల మొహమంతా వెలిగిపోయింది.

"నిజమే బాబూ. మళ్ళీ ఎక్కువైపోతుందేమోనని భయపడి, ఓ చిటికెడు తగ్గించాను."

రాజు విస్తరి ముందునుంచి లేచి, కడుపు పట్టుకుని నవ్వాడు. ఎంగిలి చెయ్యి అని కూడా చూడకుండా తన చేతి కంకణం తీసి దేచయ్య చేతికి తొడిగాడు. కోనమ్మ మాత్రం అదేదీ చూడలేదు, చిటికెడు ఉప్పు తేవడానికి వంటశాలకి పరుగెత్తింది.